పటమట ఆవిడ కట్టిన చీర

వెంకటరావమ్మ ఆ చీరని గూడూరు పెళ్ళివారింట్లో చూసింది. అప్పటికి చంకలో మూడు నెలల పిల్ల, చేతుల్లో చేటెడు బియ్యం ఉన్నాయి కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ పందిట్లోనే నోరు జారి ఏదో ఒకటి అనేసేది.

ఆవిడ అక్కడికి మధుపర్కాలు ఇవ్వడానికి వెళ్ళింది. ఆ రోజుల్లో పెడన దేవాంగుల పేటలో ఇంటికో గుంట మగ్గం. చుట్టుపక్కల ఏ రైతుల ఇంట పెళ్ళి తలపెట్టినా మధుపర్కాలు ఆ పేట నుంచే రావాలి, కొట్లో కొన్నవి పనికిరావు. నేసినవాడి పెళ్ళాం తలకి పోసుకుని, పసుపు అంచుల ఆ తెల్లబట్టలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళి, పెళ్ళికూతురి తల్లి చేతుల్లోనే పెట్టాలి. ఆవిడ ఈవిడకి బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, చేటెడు బియ్యం పోసి పంపాలి. ఫలానా అమ్మాయి పెళ్ళికి బట్టలు ఎవరు నేశారంటే ముప్పై ఏళ్ళ తరవాత కూడా పేరు చెప్పేవాళ్ళు. వెంకటరావమ్మకి తెలిసినంతలో గుడ్డ అంటే అలా వెళ్ళేదే, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, మొహాలు చూసుకుని. ఇక మిగతా చీరలంటారా, అవి షావుకారు వీరభద్రయ్య మూటలు కట్టించి రైలెక్కించేవాడు. అవి ఏ ఊరు పోతాయో, ఎవరు కడతారో పేటలో ఎవరూ అడగరు. మూట గడప దాటితే నదిలో నీళ్ళు పోయినట్టే.

అది జర్మనీవాడు ఓడిపోయాడని షావుకారు అరుగుమీద పేపరు చదివి వినిపించిన వేసవి. పందిట్లో వియ్యాలవారి వైపు ఆడవాళ్ళు చాపలమీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో ఒకావిడ, నలభైకి అటూ ఇటూగా ఉంటుంది, పచ్చచీర కట్టుకుని విసనకర్రతో విసురుకుంటోంది. కుచ్చెళ్ళ దగ్గర లేతాకు పచ్చ. పైకి వచ్చేసరికి భుజం మీద నుంచి కొంగుదాకా నెమలి మెడ రంగు. ఆ రెండు రంగులూ కలిసే చోట సన్నగా ఒక గీత. చుట్టూ ఉన్న అమ్మలక్కలు ఆ కొంగు పట్టుకుని చూస్తున్నారు, ఎక్కడ కొన్నావు వదినా అంటున్నారు.

వెంకటరావమ్మకి ఆ గీత తెలుసు. తన ఒంటిమీద పుట్టుమచ్చ తెలిసినట్టు తెలుసు.

మాఘమాసంలో మాట. నూలు కంట్రోలు పెట్టి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. కార్డు మీద ఇచ్చే నూలు నెలకి పది రోజుల పనికి వచ్చేది. మిగతా ఇరవై రోజులూ మగ్గాలు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. రంగు అంతకన్నా కరువు. మొగుడు చౌడయ్య పచ్చ పడుగు మగ్గానికి ఎక్కించి చీర నేస్తున్నాడు. పేక నూలుకి రంగు వెయ్యడం, కండెలు చుట్టడం వెంకటరావమ్మ పని. మధ్యాహ్నం పూట ఆఖరి నాలుగు నూలు చిలపలు రంగు బానలో ముంచిందో లేదో నొప్పులు మొదలయ్యాయి. అత్త చౌడేశ్వరమ్మ మంత్రసాని కోసం పరుగెత్తింది, చౌడయ్య వేణ్ణీళ్ళు కాయడానికి కూర్చున్నాడు. దీపాల వేళకి ఆడపిల్ల పుట్టింది. బానలో నూలు సంగతి ఎవరికి గుర్తుంటుంది? మర్నాడు తీసి చూస్తే చిలపలు రంగంతా తాగేసి ముదిరిపోయి ఉన్నాయి. పారెయ్యడానికి అవేమైనా పాత రోజులా. చౌడయ్య వాటితోనే చీర పూర్తి చేశాడు. మొదటి పన్నెండు మూరలూ ఒక పచ్చ, ఆపైన ఇంకో పచ్చ. వెంకటరావమ్మకి మట్టుకు ఆ గీత ఎప్పుడు చూసినా, ఇదిగో ఇక్కడ నొప్పులు వచ్చాయి నాకు, అనిపించేది.

వీరభద్రయ్య ఆ చీర విప్పి చూసి, రెండు రంగుల చీర ఏ ఆడది కడుతుందిరా అని మొహాన కొట్టాడు. తన నూలు ఖరీదు చౌడయ్య కూలిలో కోసుకున్నాడు. అది పేటలో మామూలే. పాడైన గుడ్డ నేసినవాడి పాలు. చౌడయ్య దాన్ని తెచ్చి పచ్చి బాలింత పక్కలో పెట్టి, పోనీలేవే, పిల్లకి పేరు పెట్టేనాటికి నువ్వే కట్టుకో, అన్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడు నేసిన చీర కట్టలేదు. ఆ పేటలో ఏ ఆడదీ కట్టలేదు. సన్నచీరలు నేసే ఇళ్ళలో ఆడవాళ్ళకి ముతక చీరలే. అందుకని ఆవిడ దాన్ని మడతపెట్టి, వేపాకు వేసి కర్రపెట్టెలో దాచుకుంది. రోజూ మూత తీసి చెయ్యిపెట్టి చూసుకునేది. పేరు పెట్టే ముందురోజు పెట్టె తెరిస్తే చీర లేదు. అడిగితే చౌడయ్య మొహం పక్కకి పెట్టుకుని, షావుకారు మనసు మార్చుకుని పట్టుకెళ్ళాడు అన్నాడు.

సరే అనుకుంది. పది రోజుల తరవాత బావి దగ్గర షావుకారు భార్య సంపూర్ణమ్మ నవ్వుతూ, ఏమే, ఆ రెండు పచ్చల చీర కట్టుకుని ఒక్కసారీ కనపడలేదేం అంది. అంటే చీర వాళ్ళు తీసుకోలేదన్నమాట. వెంకటరావమ్మ చేద బావిలోకి జారవిడిచి, తాడు అరచెయ్యి కోసుకుపోయినా మొహాన ఏమీ తేలనివ్వకుండా ఇంటికి వచ్చింది.

అప్పటినుంచి మొదలైంది. చౌడయ్య ప్రతి శుక్రవారం నూలు కోసమని బెజవాడ వెళ్ళేవాడు. ఒక్కోసారి సంచిలో కాస్త నూలు ఉండేది, ఒక్కోసారి ఉత్త చేతులే. ఎక్కడ దొరికింది అంటే చెప్పడు, ఎందుకు దొరకలేదంటే చెప్పడు. నోట్లో తాంబూలం వాసన. ఇంట్లో ఏనాడూ వక్క కొరకని మనిషికి అక్కడ తాంబూలం ఎవరు చుట్టి ఇస్తున్నారు? ఆవిడ అతని పైగుడ్డ ముడి విప్పి చూసేది, చొక్కా వాసన చూసేది, నిద్రలో ఏమైనా పలవరిస్తాడేమోనని చెవి ఒగ్గేది. అత్తతో చెప్పుకోడానికి లేదు, కొడుకు తల్లి కదా. పుట్టింటికి కబురు పెట్టడానికి లేదు, నాన్న ఉన్నపళాన బండి కట్టుకుని వస్తాడు. మొగుడు ఇంకో ఇల్లు పెట్టాడేమోనన్న అనుమానం ఒక్కసారి పుట్టాక, అతను అన్నం బాగుందన్నా అనుమానమే, బాగాలేదన్నా అనుమానమే.

ఇదిగో, ఇప్పుడు ఆ చీర ఎదురుగుండా విసనకర్ర విసురుకుంటోంది.

బియ్యం చెరుగుతున్న ఒక ఆడమనిషిని, ఎవరమ్మా ఆవిడ అని మెల్లగా అడిగింది. పెళ్ళికొడుకు మేనత్త, పద్మావతమ్మగారు, పటమట నుంచి వచ్చారు అని చెప్పిందామె. పటమట ఎక్కడ అంటే, బెజవాడ పక్కనే, జట్కాలో ఎంతసేపు అంది. వెంకటరావమ్మకి ఇంకేం కావాలి? బెజవాడ, శుక్రవారాలు, తాంబూలం, పచ్చచీర, అన్నీ ఒక్క తాడుకి వచ్చి చేరాయి. ఒక మగాడి మగ్గం మీది చీర ఒక ఆడదాని ఒంటిమీదికి వచ్చిందంటే మధ్యలో చెయ్యి ఉండాలి. ఇచ్చిన చెయ్యి, పుచ్చుకున్న చెయ్యి. ఆవిడ లెక్కలో మూడోది లేదు.

మంగళవారం నాడు కనకదుర్గమ్మ కొండకి మొక్కు ఉందని చెప్పి బయల్దేరింది. అత్త, నేనూ వస్తానంటుందేమోనని భయపడింది గాని, ఆవిడకి మోకాళ్ళు లేవవు, మెట్లంటే హడలు. చౌడయ్య మగ్గం గుంటలో కూర్చుని, మొక్కు నాకు చెప్పలేదేం అన్నాడు. నీకన్నీ చెప్పాలా, నువ్వు నాకన్నీ చెబుతున్నావా అని నాలుక చివరిదాకా వచ్చింది. పిల్లకి జ్వరం వచ్చినప్పుడు మొక్కుకున్నాను అంది. అతను అనుమానంగా ఒక చూపు చూసి, వచ్చేటప్పుడు కుంకుమ పట్టుకురా అన్నాడు.

రైలు నిండా సిపాయిలు. పిల్లని కొంగు కింద దాచుకుని గుడివాడ దాకా నిలబడి, తరవాత ఒక ముసలమ్మ మూటమీద కూర్చుంది. మొక్కు అబద్ధం, చేతిలో మూట నిజం. అందులో రెండు తువ్వాళ్ళు. కట్టుబట్టలు దొరక్క జనం అల్లాడుతున్న ఆ రోజుల్లో తువ్వాళ్ళు అమ్మొచ్చింది అంటే ఏ ఇంటివాళ్ళైనా తలుపు తీస్తారని ఆవిడకి తెలుసు.

తీశారు. పటమటలో ఇల్లు వాకబు చేసుకుని వెళితే, పద్మావతమ్మ వసారాలో చాప వేసి కూర్చోబెట్టి, ముందు పిల్లకి పాలివ్వు తల్లీ, బేరం తరవాత అంది. మజ్జిగ ఇచ్చింది. వెంకటరావమ్మ కళ్ళు ఇల్లంతా తిరుగుతున్నాయి. దండెం మీద మగవాళ్ళ పంచెలు ఎన్ని ఉన్నాయి, గుమ్మంలో చెప్పులు ఎవరివి, తమలపాకుల పళ్ళెం ఎక్కడుంది. ఇంతలో లోపలినుంచి ఒక భారీ మనిషి దగ్గుకుంటూ వచ్చాడు, రామకోటేశ్వరరావుగారు. తువ్వాలు ఒకటి తీసుకుని రెండు చేతులా లాగి చూసి, ఇదేం నేత, దూరం నేత, అర్ధరూపాయి కూడా ఎక్కువే అన్నాడు. చివరికి ఏడణాల దగ్గర తెగింది. ఉన్నాడులే మొగుడు అనుకుంది వెంకటరావమ్మ. అయినా మొగుడున్న వాళ్ళు తప్పు చెయ్యరని ఎక్కడుంది?

ఆయన లోపలికి వెళ్ళాక, గూడూరు పెళ్ళిలో మిమ్మల్ని చూశానండీ, పచ్చచీరలో, మహాలక్ష్మిలా ఉన్నారు అంది. అంతే, పద్మావతమ్మ మొహం విప్పారింది. లోపలికి వెళ్ళి చీర తెచ్చి ఒళ్ళో పరిచింది. దానికి కర్పూరం వేసి, పల్చటి కాగితంలో చుట్టి పెట్టుకుంది.

"ఇది మామూలు చీర అనుకుంటున్నావా. ఇది నేను మొదటిసారి కట్టిన రోజునే మా వారికి బియ్యం మరకి పర్మిట్ వచ్చింది. ఏడాదిన్నరగా తిరుగుతున్నారు కలెక్టరాఫీసు చుట్టూ. ఇంకోసారి కడితే మా అబ్బాయికి సంబంధం కుదిరింది. ఈ చీరలో ఏదో ఉందమ్మా. ఊరికే ఉతకను కూడా ఉతకను."

ఎవరిచ్చారండీ అంది వెంకటరావమ్మ.

పద్మావతమ్మ నవ్వి, ఎవరు ఇస్తారు, ఊరికే ఇవ్వడానికి, పాత బెజవాడలో కొన్నాం, ముప్పై ఎనిమిది రూపాయలు పోసి, అంది. నమ్మకం లేకపోతే చూడమని కాగితంలోంచి ఒక బిళ్ల తీసింది. బంగారు రంగు బిళ్ల, మీద నెమలి బొమ్మ, కింద అక్షరాలు. నాకు చదువు రాదండీ, మీరే చదవండి అంది వెంకటరావమ్మ. కలకత్తా మయూరి, అసలు సరుకు, నకిలీలు చూసి మోసపోకండి అని చదివి, కొట్టు పేరు, వీధి కూడా చదివింది పద్మావతమ్మ.

"మిషను మీద చేస్తారట. రంగు దానంతట అదే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతుందట. మన సాలెవాళ్ళకి ఇలాంటివి ఎక్కడ చేతనవుతాయి."

ఆవిడ ఆ మాట కిట్టక అనలేదు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక అంది. వెంకటరావమ్మ కొంగు వేళ్ళతో పట్టుకుని చూసింది. అంచు పక్కన ఒక్కచోట పేక రెండు పోగులు పడి ఉంది. ఆ కండె తను చుట్టలేదు, పురిట్లో ఉంటే అత్త చుట్టింది, చూపు ఆనక. ఇంట్లో నలుగురూ ఉన్నారు ఆ చీరలో, ముసలమ్మతో, పసిగుడ్డుతో సహా. ఈ మహాతల్లికి నెమలి తప్ప ఎవరూ కనపడటం లేదు. అయినా అనుమానం తెగలేదు. బిళ్లలు ఎవరైనా అంటిస్తారు. దొంగ కాపరాన్ని దాచుకునే ఆడది బిళ్లేం ఖర్మ, రసీదు కూడా చూపిస్తుంది. కొట్టు వీధి పేరు రెండుసార్లు అడిగి తెలుసుకుని లేచింది.

పాత బెజవాడలో ఆ కొట్టు కనుక్కునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తెల్ల పరుపుమీద కొట్టుయజమాని హనుమయ్య బాలీసు కానుకుని కూర్చున్నాడు. పక్కన వెండి తమలపాకుల పెట్టె. వచ్చినవాళ్ళందరికీ ఒక చిలక చుట్టి ఇస్తున్నాడు. తాంబూలం సంగతి అక్కడికక్కడే తేలిపోయింది గాని, వెంకటరావమ్మ వెంటనే ఊపిరి పీల్చుకోలేదు. ఒకటి తేలితే చాలదు.

చంటిపిల్లతో ముతకచీరలో ఉన్న మనిషిని చూసి ఆయన, కంట్రోలు గుడ్డ లేదమ్మా, ముందు కొట్లో అడుగు అన్నాడు. కంట్రోలు గుడ్డ కాదు, మయూరి చీరలు చూపించమంది. ఆయన ఒక కన్ను చిన్నది చేసి చూశాడు. ఆ రోజుల్లో కంట్రోలు వాళ్ళు బీదా బిక్కీ ఆడవాళ్ళకి రూపాయి ఇచ్చి కొట్లమీదికి పంపించి, బ్లాకు సరుకు పట్టుకునేవారు. అవి అయిపోయాయి అన్నాడు ముక్తసరిగా. వెనక అరల్లోకి చూసింది వెంకటరావమ్మ.

ఆ అరల్లో వాళ్ళ పేటంతా ఉంది.

పైనుంచి మూడోది భావనారాయణ నేత. అతనికి ఉబ్బసం, దగ్గు తెర వచ్చినప్పుడల్లా దెబ్బ సడలుతుంది, బెత్తెడుకోసారి గుడ్డ పల్చబడుతుంది. ఆ పక్కన వంగపండు చీర మాణిక్యానిది, మొగుడు పోయాక తనే గుంటలో దిగి నేస్తోంది. మగవాడి చేతి బలం ఉండదు గాని అంచు ఎంత నీటుగా వస్తుందో. అన్నిటిమీదా బిళ్లలు. ఒకదానిమీద ఏనుగు, ఒకదానిమీద తాజమహలు, ఒకదానిమీద దొరసాని. పేటలో అరుగులమీద కూర్చుని తిట్టుకునే, కొట్టుకునే, పురుళ్ళకి పరుగెత్తే మనుషులందరూ మడతలు పడి, ఒకళ్ళమీద ఒకళ్ళు, ఒక్కళ్ళకీ నోరు లేకుండా. వీళ్ళు ఇక్కడికొచ్చి ఈ వేషాలేమిటి అనిపించింది ఆవిడకి.

"ఆ మయూరి చీరకి రంగు వేసింది నేనేనండీ," అంది.

హనుమయ్య ముందు నవ్వాడు. తరవాత పిల్లని పట్టుకున్న చేతివైపు చూశాడు. గోళ్ళ చుట్టూ పచ్చ దిగిపోయి ఉంది, పన్నెండేళ్ళ పచ్చ. నవ్వు ఆపి, వీధిలోకి అటూ ఇటూ చూసి, లోపలికి రమ్మన్నాడు. ఎవరు తెచ్చారు మీకు ఆ చీర అని అడిగిందావిడ. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు, చెప్పినా ఆయనకి తెలియదు. పేర్లు మేము అడగం అన్నాడు హనుమయ్య. తెచ్చినవాడి గుర్తులు మాత్రం చెప్పాడు, సన్నపాటి మనిషి, పెడన వైపు. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు, పరుపుమీద కూర్చుని కూడా మగ్గం తొక్కుతున్నట్టు ఆడిస్తూనే ఉంటాడు.

ఇక అనుమానం ఏముంది. పెళ్ళి పీటలమీద కూడా ఆ కాళ్ళు అలాగే ఆడాయి.

అప్పుడు కూపీ అంతా బయటపడింది. చీర తెచ్చి నూలు అడిగాడు. రెండు చీరలకి సరిపడా నూలు ఇచ్చాడు హనుమయ్య, కార్డు లేకుండా, బ్లాకులో. అప్పటినుంచి వారం వారం వచ్చి నూలు నూలు అని ప్రాణం తీస్తున్నాడు. అలాంటి చీర ఇంకోటి తే, ఇస్తానంటే, అది ఇంక రాదండీ అంటాడు. ఎందుకు రాదయ్యా అంటే చెప్పడు. నువ్వైనా చెప్పు, పది చీరలు అలా వేసిపెట్టు, నూలు నేనిస్తాను అన్నాడు హనుమయ్య. అది వెయ్యడానికి ఏం జరగాలో ఆయనకి ఎలా చెబుతుంది?

వెంకటరావమ్మ ఇంకో సంగతి అడిగింది. రెండు చీరల నూలు ఎంత, ముప్పై ఎనిమిది ఎంత? హనుమయ్య కోపం తెచ్చుకోలేదు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"ధర నేను పెట్టేది కాదమ్మా. బజారు పెడుతుంది."

"బజారంటే ఎవరండీ?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ నిజంగానే అడిగింది. వీరభద్రయ్య తమ కూలి కోసినప్పుడు కూడా, నాదేముందిరా, బజారు అలా ఉంది అన్నాడు. అక్కడ కోసిందీ ఆ బజారే, ఇక్కడ పెంచిందీ ఆ బజారేనా? ఒకే చీరని ఒకచోట పాడైందని, ఇంకోచోట అపురూపమని అనేవాడు ఎవడో గట్టి మనిషై ఉంటాడు. ఆయన ఇల్లెక్కడో చెబితే వెళ్ళి అడుగుతానంది. గుమాస్తా కిసుక్కున నవ్వాడు. హనుమయ్య మటుకు ఒక తాంబూలం చుట్టి చేతిలో పెట్టి, నువ్వు ఇక్కడికి రాలేదు, నేను నిన్ను చూడలేదు, ఆ మాట తెలిసిందా, ఎవరైనా అడిగితే నీ మొగుడే జైలుకి పోతాడు అని చెప్పి పంపించాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. చౌడయ్య మగ్గం మీదే ఉన్నాడు. పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె ఆపి, కుంకుమ ఏదీ అన్నాడు.

కొండవైపు తిరిగి దణ్ణం కూడా పెట్టలేదని అప్పుడు గుర్తుకొచ్చింది ఆవిడకి. చౌడయ్య పెళ్ళాం మొహం చూశాడు. దుమ్ము కొట్టుకుపోయి, పెదాలు ఎర్రగా పండి ఉన్నాయి. తాంబూలం ఎవరిచ్చారే అన్నాడు. రెండు నెలలుగా తను మింగిన అనుమానం ఇప్పుడు అతని కళ్ళల్లో ఎలా ఉందో వెంకటరావమ్మ కళ్ళారా చూసింది. చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్లని ఉయ్యాల్లో వేసి, గుంట అంచున కూర్చుని మొత్తం చెప్పుకొచ్చింది, సంపూర్ణమ్మ మాట దగ్గరనుంచి.

అతను తల దించుకుని విన్నాడు. తన వంతు తనూ ఒప్పుకున్నాడు. పడుగు ఆఖరి మూరలో ఉంది, కొత్త పడుగు లేదు. పాత పడుగు కొసలకి కొత్త పోగులు ముడేసి అతుక్కుంటూ పోవాలి గాని మగ్గం పూర్తిగా వట్టిపోకూడదని అమ్మ ఏడ్చింది. పెట్టె తెరిచాను. బ్లాకు నూలని చెబితే నువ్వు బావి దగ్గర అంటావేమోనని భయం. నీకిచ్చిన చీర తీశానని చెప్పడం అంతకన్నా భయం. అంతవరకూ బాగానే ఉంది. చీర ధర చెప్పగానే తలెత్తాడు.

"ముప్పై ఎనిమిదా? నీకా మాట ఎవరు చెప్పారే?"

కట్టినావిడే చెప్పిందంటే నమ్మడు. కొట్టాయన కాదనలేదంటే నమ్మడు. వీరభద్రయ్య మొహాన కొట్టిన చీర, దానికి రెండు చీరల నూలు వచ్చిందంటే తనే ఆ కొట్టాయన్ని మోసం చేశానేమోనని ఇన్నాళ్ళూ లోపల గుంజాటన పడుతున్నాడు. ఏ చీరకైనా అంత ధర ఉంటుందా? ఇది ఎవరో చెప్పి పంపిన మాట. లేదూ, వేరే ఎక్కడికో వెళ్ళొచ్చి అల్లిన మాట. నిజంగా ఎక్కడికెళ్ళావు అని మళ్ళీ మొదటికొచ్చాడు. ఎన్ని విధాల చెప్పినా ఆ ధర అతనికి మింగుడు పడలేదు. నాతో రా, శుక్రవారం ఇద్దరం వెళ్ళి అడుగుదాం అంది వెంకటరావమ్మ. అడిగితే ఇంక నూలు ఇస్తాడా అన్నాడు. మన చీర అని చెప్పుకుంటే చాలు, ఆ గుమ్మం మూసుకుపోతుంది.

వంటింట్లోంచి అత్త, అన్నాలకి లేవరా అని రెండుసార్లు పిలిచింది. ఇద్దరూ లేవలేదు. గుంటలో అతని కాళ్ళు ఊరికే ఆడుతున్నాయి, నాడె కదలటం లేదు.

కాసేపటికి అతనే అడిగాడు.

"కట్టుకుంటే ఎలా ఉందే?"

వెంకటరావమ్మ భగ్గున లేవబోయింది. "ఎవరు, ఆవిడా?"

"ఆవిడెవరో నాకెందుకు. చీర."

ఆవిడ అతని మొహంలోకి వెతికినట్టు చూసింది. ఇరవై ఏళ్ళు నేశాడు, పదేళ్ళ వయసు నుంచి. తన చీర ఒకటి ఒక మనిషి ఒంటిమీద నడిచి వెళుతుంటే ఈ మనిషి చూడలేదు. ఆ సంగతి ఆవిడకి ఆ నిమిషందాకా తోచనే లేదు. చెప్పింది. కుచ్చెళ్ళు బాగా నిలబడ్డాయి. విసనకర్ర విసురుకుంటున్నా పైట జారలేదు. గీత సరిగ్గా భుజంమీదికి వచ్చింది, కావాలని పెట్టినట్టే ఉంది. గంజి కొంచెం ఎక్కువైంది, నడిస్తే గరగరమంటోంది. అతను ప్రతిదానికీ ఊఁ కొడుతున్నాడు. గంజి సంగతికి మాత్రం, అది వాళ్ళు పెట్టించి ఉంటారు, నాది కాదు అన్నాడు. మడతలో అంచు కోటేరేసినట్టు వస్తోందా అని అడిగాడు. వస్తోందంది.

"ఇంకేమంది ఆవిడ, చీర గురించి?"

మన సాలెవాళ్ళకి ఎక్కడ చేతనవుతాయి అన్న మాట వెంకటరావమ్మ గొంతులోకి వచ్చి నిలబడింది. ఆవిడ దాన్ని అక్కడే నొక్కేసింది.

"ఏమీ అనలేదు. బాగుందంది."

చౌడయ్య ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఏదో దాస్తోందని అతనికి తెలిసిపోయింది. ఏం దాస్తోందో తెలియలేదు. అడుగుదామా అని నోరు తెరిచి, మానేసి, నాడె చేతిలోకి తీసుకున్నాడు. వెంకటరావమ్మ రాట్నం దగ్గరికి జరిగి కొత్త కండె పెట్టుకుంది.